తిన్నది కిందికి దిగడం లేదు, అందరూ గ్యాస్ అంటున్నారు. నరాల జబ్బు అయ్యుండొచ్చా?

తెనాలి_మాధవి
మా చెల్లెలి గురించి రాస్తున్నాను. వయసు 29. ఉగాది ముందు అయిదు రోజులు జ్వరం, విరేచనాలు వచ్చాయి. అవి తగ్గిపోయాయి గానీ కడుపు మాత్రం అప్పటినుంచి మునుపటిలా లేదు. ఒక ఇడ్లీ తినేసరికి గొంతు దాకా నిండినట్టు ఉంటుందట. పొద్దున వాంతి అయితే అందులో ముందు రోజు రాత్రి తిన్న బీరకాయ ముక్కలు ముక్కల్లాగే కనబడుతున్నాయి. బేసిన్ కడిగింది నేనే. పుల్లటి వాసన తప్ప అరిగిన జాడే లేదు. 58 కిలోలు ఉండే పిల్ల ఇప్పుడు 47.

నలుగురు డాక్టర్లకు చూపించాం. మొదటాయన గ్యాస్ అన్నారు. రెండో ఆయన అల్సర్ అని మందులిచ్చారు. మూడో చోట ఎండోస్కోపీ చేసి అంతా నార్మల్ అన్నారు. నాలుగో డాక్టరుగారు "టెన్షన్ తగ్గించుకోమ్మా, పెళ్లయిన కొత్త కదా" అన్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అది ఎంత ఏడ్చిందో. "అక్కా, నేను కావాలని కక్కుకుంటున్నానా?" అని అడిగింది. కడుపు కదలిక నరాల వల్ల కూడా దెబ్బతింటుందని ఎక్కడో చదివాను. ఇలాంటిది ఎవరికైనా జరిగిందా?

పప్పుచారు
వాము వేయించి పొడి చేసి గోరువెచ్చని నీళ్లలో ఇవ్వండి. మా అత్తగారికి వారంలో తగ్గింది.

కరీంనగర్_నాని
గూగుల్ చూసి భయపడకండి. నాకూ ఆరు నెలలు ఇదే బాధ. టీలు తగ్గించి, రాత్రి ఏడింటికే తినడం మొదలుపెట్టా, పోయింది. ప్రతిదానికీ నరాలు అంటే జనం అనవసరంగా స్కాన్‌ల చుట్టూ తిరుగుతారు.

ఖమ్మం_మాస్టారు
నాని, 11 కిలోలు తగ్గడం టీలతో వచ్చే సంగతి కాదు నాయనా.

అమ్మా మాధవీ, నాకు షుగర్ వచ్చి 22 ఏళ్లయింది. ఈ జబ్బు నాకుంది, పేరు గ్యాస్ట్రోపరేసిస్. అంటే కడుపు నీరసించి తిన్నదాన్ని కిందికి నెట్టలేకపోవడం. నా విషయంలో ఎలా బయటపడిందో చెప్తాను. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుని తినేవాణ్ణి. గంటన్నరకు చెమటలు పట్టి చేతులు వణికేవి, చూస్తే షుగర్ 52. సరే అని పంచదార నోట్లో వేసుకునేవాణ్ణి. అర్ధరాత్రి చూస్తే 310. ఇన్సులిన్ టైముకు పనిచేస్తోంది గానీ అన్నం మాత్రం కడుపులోనే కూర్చుంటోంది. అది తీరిగ్గా కిందికి దిగేసరికి మందు అయిపోయేది. నేను పథ్యం తప్పుతున్నానని ఇంట్లో వాళ్లు రెండేళ్లు నన్ను అనుమానించారు.

అప్పటికే నా కాళ్లకు స్పర్శ లేదు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. కాలి నరాలు తిన్న షుగర్ కడుపు నరాన్ని వదిలిపెడుతుందా? ఆ మాట నాకు చెప్పింది మా షుగర్ డాక్టరుగారే. ఇప్పుడు తిన్నాక, ఎంత తిన్నానో చూసుకుని ఇన్సులిన్ వేసుకుంటున్నాను. అలా మార్చమని ఆయనే చెప్పారు, ఎవరికి వారు మార్చుకోకూడదు.

తెనాలి_మాధవి
మాస్టారూ, చెల్లికి షుగర్ లేదు. మూడు నెలల సగటు కూడా చూశారు, 5.2.

జీఐ_రెసిడెంట్
గ్యాస్ట్రో విభాగంలో ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇక్కడ కూర్చుని రోగం తేల్చలేను గానీ ఒక్క విషయం అడుగుతాను. ఎండోస్కోపీ రిపోర్టులో చివరి లైను దాకా చదివారా? కడుపులో ఆహారం మిగిలి ఉన్నట్టు ఎక్కడైనా రాశారా?

తెనాలి_మాధవి
ఇప్పుడే తీసి చూశాను. "కొద్దిగా మిగిలిన ఆహారం కనిపించింది, అడ్డంకి ఏమీ లేదు" అని ఉంది. అంతకు ముందు రాత్రి ఎనిమిది నుంచి ఏమీ తినలేదు, పరీక్ష చేసింది పొద్దున పదింటికి.

జీఐ_రెసిడెంట్
ఆ ఒక్క లైనే ముఖ్యం. పద్నాలుగు గంటలు ఉపవాసం ఉన్నాక కడుపు ఖాళీగా ఉండాలి. అడ్డు ఏమీ లేకుండానే ఆహారం మిగిలిందంటే నెట్టే శక్తి తగ్గిందేమో చూడాలి. ఇది "నార్మల్" కాదు.

నాని గారు అన్నదానికి జవాబు. కడుపు తనంతట తాను కదలదు. గోడలో కహాల్ కణాలని ఉంటాయి, స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ పేరు మీద వచ్చిన పేరు, 1906లో నోబెల్ వచ్చింది ఆయనకు. ఈ కణాలు పాటకు వేసినట్టు నిమిషానికి మూడుసార్లు చొప్పున తాళం వేస్తాయి. ఆ తాళానికి కండరం ముడుచుకుంటుంది. మెదడు నుంచి వేగస్ నాడి వచ్చి ఎప్పుడు సడలాలో, ఎప్పుడు గట్టిగా నెట్టాలో చెబుతుంది. షుగర్ వేగస్‌నూ చెడగొడుతుంది, కహాల్ కణాలనూ తగ్గిస్తుంది. కడుపు ఆపరేషన్లో వేగస్ దెబ్బతినొచ్చు. పార్కిన్సన్స్‌లో నరాలే నెమ్మదిస్తాయి. వైరల్ జ్వరం తర్వాత కూడా వస్తుంది, అది చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే సర్దుకుంటుంది. ఇంకొందరిలో మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి సొంత నరాల మీద పడుతుంది.

మాధవి గారూ, మీ చెల్లెలిని ఈ నాలుగు అడగండి. నోరు, కళ్లు పొడిబారుతున్నాయా? చెమట మునుపటిలా పడుతోందా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? మూత్రం, విరేచనం ఎలా ఉన్నాయి?

సీలేరు_చలి
కహాల్ కణాల పేరు మొదటిసారి విన్నాను. కడుపులో తాళం వేసేవాళ్లు ఉంటారని తెలిస్తే పెళ్లి భోజనాల్లో కాస్త మర్యాదగా తినేవాళ్లం.

తెనాలి_మాధవి
చెల్లితో మాట్లాడాను, చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే.

నోరు ఎండిపోతోందట, అన్నం ముద్ద మింగాలంటే పక్కన నీళ్ల గ్లాసు ఉండాల్సిందే. విరేచనం నాలుగు రోజులకోసారి. స్నానం చేసి లేచేటప్పుడు రెండుసార్లు పడిపోయింది, నీరసం అనుకున్నాం. ఎండలోకి వెళ్తే కళ్లు తెరవలేకపోతోంది. ఇక చెమట. మొన్న మే నెలలో కరెంటు పోయి మేమంతా తడిసి ముద్దయితే దాని జాకెట్టు పొడిగా ఉంది. "నీకేమే అదృష్టవంతురాలివి" అన్నాను నేను. నా నోటితోనే అన్నాను.

ప్రసూన_ఫీనిక్స్
మాధవీ, అది విని నాకు ఒళ్లు జలదరించింది. నాకు సరిగ్గా ఇలాగే మొదలైంది. ఆలస్యం చేయొద్దు. వివరంగా రాత్రికి రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

జీఐ_రెసిడెంట్
ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పది నిమిషాలు పడుకోబెట్టి చూడండి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో కూడా రాయండి.

తెనాలి_మాధవి
పడుకున్నప్పుడు 112/70, నాడి 78. నిలబడి మూడు నిమిషాలకు 84/56, నాడి 82. తర్వాత కూర్చోబెట్టేశాం, ముఖం తెల్లబడిపోయింది.

జీఐ_రెసిడెంట్
పై బీపీ 28 పడిపోయింది, నాడి మాత్రం నాలుగే పెరిగింది. ఒంట్లో నీళ్లు తగ్గి బీపీ పడితే గుండె గబగబా కొట్టుకుని సర్దుకోవాలని చూస్తుంది. ఇక్కడ గుండెకు ఆ కబురే అందడం లేదు. చెమట, లాలాజలం, కన్నీరు, కంటిపాప, బీపీ, కడుపు, పేగులు అన్నిటినీ నడిపేది ఒకే నరాల వ్యవస్థ, మన ప్రమేయం లేకుండా పనిచేసేది. ఆ నరాలకు దారిలో కూడళ్లు ఉంటాయి. ఆ కూడళ్ల దగ్గర కబురు అందుకునే గ్రాహకాల మీద యాంటీబాడీలు పడితే ఇవన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. ఆటోఇమ్యూన్ ఆటోనామిక్ గాంగ్లియోనోపతి అంటారు. చాలా అరుదు. జ్వరం తర్వాత మొదలవడం ఇందులో చూస్తుంటాం. అదేనని నేను అనడం లేదు, కానీ న్యూరాలజిస్టు చూడాల్సిన కేసు. ఈ బీపీ అంకెలు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, వాంతుల మాట రెండోదిగా చెప్పండి.

కరీంనగర్_నాని
నా మాట వెనక్కి తీసుకుంటున్నా మాధవక్కా. చెమట సంగతి నాకు తట్టనే లేదు.

విశాఖ_అల
మా నాన్నగారి సంగతి చెప్పాలి. 63 ఏళ్లు, నలభై ఏళ్లు చుట్ట కాల్చారు. మూడు నెలల్లో మలబద్ధకం, వాంతులు, కడుపు ఉబ్బరం. పేగులు కూడా కదలడం మానేశాయి. పారానియోప్లాస్టిక్ ప్యానెల్ అని, క్యాన్సర్‌తో పాటు వచ్చే యాంటీబాడీలను వెతికే పరీక్షకు రక్తం పంపిస్తే యాంటీ-హు అనే యాంటీబాడీ వచ్చింది. వెంటనే ఛాతీ సీటీ తీయించారు, ఊపిరితిత్తిలో చిన్న గడ్డ, స్మాల్ సెల్ క్యాన్సర్. దగ్గు కూడా లేదు ఆయనకు. క్యాన్సర్ మీదికి వెళ్లాల్సిన యాంటీబాడీలు కడుపు నరాల మీదా పడ్డాయట. కీమో వల్ల పదమూడు నెలలు మాతో ఉన్నారు. పొగ తాగేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఇలా ఉన్నట్టుండి కడుపు ఆగిపోతే ఛాతీ స్కాన్ అడగండి. భయపెట్టాలని రాయలేదు.

ప్రసూన_ఫీనిక్స్
నా కథ. 2019లో మొదలైంది, అప్పుడు 34. కూడళ్ల యాంటీబాడీ నాకు పాజిటివ్ వచ్చింది. మొదట ఇక్కడ అమెరికాలో మెటోక్లోప్రమైడ్ ఇచ్చారు. గ్యాస్ట్రోపరేసిస్‌కు అమెరికాలో ఆమోదం ఉన్న మాత్ర అదొక్కటే. దీర్ఘకాలం వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే జబ్బు రావచ్చని 2009 నుంచి డబ్బా మీద గట్టి హెచ్చరిక ఉంటుంది, 12 వారాలు దాటొద్దంటారు. అలాంటిదే ఇంకో మందు డాంపెరిడోన్, మన ఊళ్లో మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఇక్కడ దానికి ఆమోదమే లేదు, ప్రత్యేక అనుమతి మీద ఇస్తారు, ముందు ఈసీజీ తీస్తారు.

ఆ మాత్రలతో వికారం కాస్త తగ్గింది, అంతే. మార్పు వచ్చింది ఐవీఐజీతో. దానం చేసిన వేలమంది రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు అవి, సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. నాకు 12 వారాలు పెట్టి, ముందూ తర్వాతా కడుపు స్కాన్, బీపీ పరీక్షలు చేసి, అంకెల్లో మార్పు ఉంటేనే కొనసాగిస్తామన్నారు. మొదటి రోజు తలనొప్పి చంపేసింది. రెండోరోజు నుంచి నర్సు నెమ్మదిగా ఎక్కించింది, ముందురోజే నీళ్లు బాగా తాగమంది, తట్టుకున్నాను. పూర్తిగా నయమైందని చెప్పలేను. పచ్చి కూరగాయలు ఇప్పటికీ పడవు. కానీ నిలబడి వంట చేసుకుంటున్నాను, పాపను స్కూలుకి దింపుతున్నాను.

ల్యాబ్_రవి
ఒక చిన్న అభ్యంతరం. ఇది చదివి కడుపుబ్బరం ఉన్న ప్రతివాళ్లూ యాంటీబాడీ ప్యానెల్ చేయించుకుంటారేమో. వేలల్లో ఖర్చు. స్వల్పంగా పాజిటివ్ వచ్చి ఏ జబ్బూ లేనివాళ్లను చూశాను. కాగితం పట్టుకుని వచ్చి ఏడుస్తారు పాపం.

జీఐ_రెసిడెంట్
రవి గారితో ఏకీభవిస్తాను. లక్షణాలు చెప్పాకే రక్తం పంపాలి. ఇటువైపు ఇంకోటి కూడా ఉంది, గాంగ్లియోనోపతి ఉన్నవాళ్లలో సుమారు సగం మందికే ఆ యాంటీబాడీ దొరుకుతుంది. నెగటివ్ వచ్చిందని వదిలేయడమూ తప్పే.

విజయనగరం_అమ్మడు
మెటోక్లోప్రమైడ్ మాట వచ్చింది కాబట్టి. మా తమ్ముడు 19 ఏళ్ల వాడు, వాంతులకు ఊళ్లో ఇంజెక్షన్ వేయించాం. సాయంత్రానికి మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి, నాలుక బయటికి. మాట రావడం లేదు గానీ తెలివి ఉంది, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మా నానమ్మ గాలి సోకిందని నిమ్మకాయ తెచ్చింది. పెద్దాసుపత్రిలో చూడగానే "వాంతి మందు పడలేదు" అని ఒక సూది వేశారు, అరగంటలో మెడ తిరిగొచ్చింది. చిన్న వయసువాళ్లలో ఎక్కువట. ఆ మందు పేరు కాగితం మీద రాయించి వాడి పర్సులో పెట్టాం.

కోనసీమ_కొబ్బరి
మా అమ్మకు లీవోసల్పిరైడ్ కలిసిన గ్యాస్ మాత్ర రెండేళ్లు నడిచింది, ఎవరూ ఆపమనలేదు. చేతులు వణకడం, ముఖంలో నవ్వు లేకపోవడం, చిన్న చిన్న అడుగులు. పార్కిన్సన్స్ అని మందులు మొదలుపెట్టబోయారు. ఒక డాక్టరమ్మ పాత చీటీలన్నీ తెప్పించి చూసి మాత్ర ఆపించింది. ఆరు నెలలకు మళ్లీ ముగ్గు వేసింది మా అమ్మ. మీ ఇంట్లో పెద్దవాళ్ల గ్యాస్ మాత్ర వెనక పేర్లు ఈ రోజే చదవండి.

ఖమ్మం_మాస్టారు
సిసప్రైడ్ అని ఒకటి ఉండేది మా రోజుల్లో. గుండె లయ చెడుతోందని అమెరికాలో 2000లో ఆపేశారు, మన దగ్గర 2011లో నిషేధించారు. నేనూ మింగాను అవి. కడుపు మందు గుండెకు, మెదడుకు తగులుతుందని మనకెవరూ చెప్పరు.

పప్పుచారు
అన్నం మానేసి మొలకలు, గోంగూర, పచ్చి క్యారెట్ తింటే కదలిక వస్తుందని మా యోగా సార్ అంటారు. అది ట్రై చేయొచ్చా?

జీఐ_రెసిడెంట్
దయచేసి వద్దు. మామూలు మలబద్ధకానికి పీచు మంచిదే. కానీ నెట్టలేని కడుపులో పీచు ఉండలు కట్టి గడ్డలా కూర్చుంటుంది, ఎండోస్కోపీతో తీయాల్సి వస్తుంది. నూనె, నెయ్యి కూడా కడుపును ఇంకా నెమ్మదిస్తాయి. మెత్తగా, పలచగా, రోజుకు ఐదారుసార్లు, కొంచెం కొంచెంగా. గట్టి పదార్థం దిగకపోయినా ద్రవాలు చాలామందికి దిగుతాయి.

కరీంనగర్_నాని
మా బావ బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాడు. ఆయనకూ ఒక రొట్టెకే కడుపు నిండుతోంది. ఇదేనా?

జీఐ_రెసిడెంట్
ఆ మందు కడుపును నెమ్మదింపజేస్తుంది. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పమనండి.

తెనాలి_మాధవి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి, ఆసుపత్రిలోనే ఉన్నాం.

ముందు కడుపు స్కాన్ చేశారు. మూడు రోజుల ముందే డాంపెరిడోన్ ఆపించారు. ఇడ్లీలో రేడియో పదార్థం కలిపి ఇచ్చారు, చెల్లి ఆ రెండు ఇడ్లీలు తినడానికి పడ్డ అవస్థ చూడలేకపోయాను. తిన్న రెండు గంటల తర్వాత టెక్నీషియన్ "ఇక చాలమ్మా, వెళ్లొచ్చు" అన్నాడు.

జీఐ_రెసిడెంట్
నాలుగు గంటలు చేయించారా లేదా?

తెనాలి_మాధవి
చేయించాం. నేనే పట్టుబట్టాను, డాక్టరుగారు కూడా సరే అన్నారు. తిన్న నాలుగు గంటల తర్వాత కూడా 38 శాతం కడుపులోనే మిగిలి ఉంది. 10 శాతం దాటితేనే ఆలస్యం అంటారట.

న్యూరాలజిస్టు మేడమ్ మా బీపీ కాగితం చూసి, టార్చి వేసి కంటిపాప చూశారు. వెలుగు పడినా పాప సరిగ్గా ముడుచుకోలేదు. పక్కనున్న విద్యార్థులను పిలిచి చూపించారు. చెమట పరీక్ష చేశారు, ఛాతీ సీటీ తీశారు, అందులో ఏమీ లేదు. యాంటీబాడీ నెగటివ్ వచ్చింది. అది చూసి నేను కుప్పకూలాను. మేడమ్ మాత్రం "కాగితం నెగటివ్ అయినా పిల్ల నెగటివ్ కాదు కదా" అన్నారు. ఐవీఐజీ ఇచ్చి చూద్దామన్నారు. కిలోకు 0.4 గ్రాముల చొప్పున, రోజుకు దాదాపు 19 గ్రాములు, అయిదు రోజులు. లక్షల మీద ఖర్చు. మా అన్నయ్య బండి అమ్మాడు, చెల్లి అత్తగారు గాజులు తీసి ఇచ్చింది. ఆవిడ గురించి నేను మొదట్లో తప్పుగా అనుకున్నాను.

విశాఖ_అల
ఆ అత్తగారికి నా దండాలు చెప్పండి.

హైదరాబాదీ_హరి
జి-పోయెమ్ గురించి అడిగారా? నాకు ఇక్కడే హైదరాబాదులో చేశారు. నోట్లోంచి ఎండోస్కోపీ పంపి కడుపు చివర ద్వారంలో కండరాన్ని లోపలినుంచే కోస్తారు, బయట కుట్టు ఉండదు. మూడో రోజు ఇంటికొచ్చాను. వాంతులు బాగా తగ్గాయి, నొప్పి మాత్రం అలాగే ఉంది.

జీఐ_రెసిడెంట్
మనుషులకు మొదట చేసింది 2013లో, కొత్త పద్ధతే. మందులకు లొంగని వాళ్లలో కొందరికి మేలు చేస్తుంది. కానీ ఇక్కడ దాడి నరాల మీద జరుగుతోంటే ముందు ఆ దాడిని ఆపాలి. కోసిన కండరం మళ్లీ వెనక్కి రాదు.

ప్రసూన_ఫీనిక్స్
అవును మాధవీ, తొందరపడొద్దు. ఐవీఐజీ ఫలితం రావడానికి వారాలు పడుతుంది. రోజూ ఒకే టైముకు బీపీ రాయి, బరువు వారానికి ఒక్కసారే చూడు, రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది.

తెనాలి_మాధవి
ఇంటికొచ్చి నెలయింది. నిలబడితే బీపీ 98 దగ్గర ఆగుతోంది, పడిపోవడం లేదు. వాంతులు ఇంకా ఉన్నాయి, వారానికి రెండు. రెండో విడత వచ్చే వారం. బరువు 48.

నిన్న రాత్రి సీరియల్ చూస్తూ చెల్లి ఏడ్చింది. పక్కనే ఉండి నేను పట్టించుకోలేదు. అదే చెంప తడుముకుని, వేళ్లు చూసుకుని, "అక్కా, నీళ్లొచ్చాయే" అంది. మెట్ల మీద ఏడ్చిన రోజు కూడా దాని కళ్లు ఎండిపోయే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఇప్పుడు అరగిన్నె జావ తాగుతోంది. రాగి జావ అయితే మొహం మొత్తిందంటోంది. పీచు లేకుండా ఇంకేం చేసి పెట్టొచ్చు?

ఖమ్మం_మాస్టారు
బియ్యం దోరగా వేయించి రవ్వ పట్టించమ్మా. గుప్పెడు రవ్వకు ఆరు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు. బాగా ఉడికి జారుగా అయ్యాక పెసరకట్టు తేట ఒక గరిటె కలుపు. పోపు వద్దు, నూనె వద్దు. గోరువెచ్చగా చెంచాతో తాగమను, తాగాక అరగంట నడుం వాల్చొద్దు. బీపీ పడే పిల్ల కాబట్టి కూర్చునే తాగాలి, లేచేటప్పుడు నువ్వు పక్కన ఉండు.

పప్పుచారు
అందులో చిటికెడు వాము పొడి వేయొచ్చా మాస్టారూ?

ఖమ్మం_మాస్టారు
చిటికెడంటే చిటికెడే, గుడ్డలో వడకట్టి.